ఫిలిం కడిగే చీకటి గదిలో చట్టం

చిన్నప్పుడు సూర్యగ్రహణం వచ్చిందంటే మా వీధిలో ఎక్స్‌రే ఫిలింలకు ఎక్కడలేని గిరాకీ. బీరువా మీదనుంచో పరుపు కిందనుంచో గోధుమరంగు కవరు బయటికొచ్చేది. తాతయ్య పక్కటెముకల సందుల్లోంచి, పెద్దమ్మ నడుం పూసల పక్కనుంచి సూర్యుణ్ణి చూసి మురిసిపోయేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది. ఫిలిం వెలుగును తగ్గిస్తుంది కాబట్టి కన్ను చెమర్చదు. కానీ కంటికి కనపడని పరారుణ కిరణాలు దాన్ని దాటి వచ్చి రెటీనాను కాల్చగలవు. ఎవరూ చేయకండి.

ఆ ఫిలిం మా ఇంట్లో ఉందంటే కారణం, మన దేశంలో ఎక్స్‌రే తీయించుకున్నాక ఫిలిం చేతికిచ్చి పంపేస్తారు. దాచుకుంటామో, తడిలో పడేస్తామో మన ఇష్టం. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ ఫిలిం సాధారణంగా క్లినిక్ సొత్తు. రోగి నకలు అడిగి తీసుకోవచ్చు గానీ అసలు ఫిలిం మాత్రం క్లినిక్ అరల్లోనే ఉంటుంది, ఎందుకంటే ఏదో ఒకరోజు కోర్టు దాన్ని అడగవచ్చు. అక్కడ ఎక్స్‌రే ఫిలిం సగం వైద్యం, సగం దస్తావేజు.

ఆ దస్తావేజు ఎంత బలమైనదన్నది డాక్టరు గదిలో తేలదు, పక్కనున్న చీకటి గదిలో తేలుతుంది. ఫొటో స్టూడియోవాళ్లు రీలు కడగడం అనేవారే, అదే పని. ఫిలిం కడిగే తొట్టెలో ద్రావణం రెండు డిగ్రీలు చల్లబడితే ఎంత గొడవ అవుతుందో చెప్పడానికి కైరోప్రాక్టర్ క్లినిక్‌కు మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. కారణం ముందుకు వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

కైరోప్రాక్టర్ అంటే మన పుత్తూరులో విరిగిన ఎముకకు కట్టు కట్టేవారిలాంటి వాళ్లనుకోకండి. విరిగిన ఎముక జోలికి వీళ్లు పోరు. వెన్నుపూసలను చేత్తో ఒడుపుగా నొక్కి సర్దడం వీళ్ల పని. యూట్యూబ్‌లో మెడ తిప్పి 'టక్' మనిపించే వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఈ వృత్తి అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున డావెన్‌పోర్ట్ ఊళ్లో పుట్టింది. ఒకప్పుడు కిరాణా కొట్టు నడిపి, తర్వాత అయస్కాంత వైద్యుడిగా బోర్డు పెట్టుకున్న డి.డి. పామర్ 1895 సెప్టెంబరు 18న హార్వీ లిల్లార్డ్ అనే జానిటర్ వెన్నుపూసను నొక్కి సర్దానని, దాంతో అతనికి పోయిన వినికిడి తిరిగొచ్చిందని చెప్పుకున్నాడు. వెన్నులోని నరాలకూ చెవికీ అలాంటి లంకె ఉన్నట్టు వైద్యశాస్త్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. కథ మాత్రం నిలిచిపోయింది.

సరిగ్గా 51 రోజుల తర్వాత, నవంబరు 8న, జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ రంట్‌గెన్ ఎక్స్ కిరణాలను కనుక్కున్నాడు. ఒకడు వెన్నుపూస జరిగిందంటాడు, ఇంకొకడు లోపలి ఎముకను బయటికి చూపించే వెలుగు కనిపెడతాడు. ఈ రెండూ కలవకుండా ఎలా ఉంటాయి? పామర్ కొడుకు బి.జె. పామర్ 1910లో తమ కాలేజీకి ఎక్స్‌రే యంత్రం తెచ్చాడు. దానికి 'స్పైనోగ్రఫీ' అని పేరు పెట్టుకున్నారు. 1930లు వచ్చేసరికి తల కింద నుంచి తుంటి దాకా వెన్నంతా ఒకే ఫిలిం మీద పట్టించడం మొదలైంది. ఆ ఫిలిం 14 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు. మూడడుగుల ఫిలిం! మామూలు ఆసుపత్రి రేడియాలజిస్టు దగ్గర అంత పొడవు ఫిలింతో పని తక్కువ. కైరోప్రాక్టర్లకు అదే ఆనవాలు అయిపోయింది.

చట్టంతో వీళ్ల పోరాటం అంతకు చాలా ముందే మొదలైంది. లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నాడని 1906లో డి.డి. పామర్‌కు శిక్ష పడింది. జరిమానా కట్టనని మొండికేసి కొన్నాళ్లు జైల్లో కూర్చున్నాడు. ఈ వృత్తిని గుర్తిస్తూ 1913లో తొలి చట్టం చేసింది కాన్సాస్, 1974లో అందరికన్నా చివర ఒప్పుకుంది లూసియానా. మధ్యలో 61 ఏళ్లు గడిచాయి. డాక్టర్ల సంఘం ఈ వృత్తిని బహిష్కరించి తొక్కేయాలని చూసిందని ఐదుగురు కైరోప్రాక్టర్లు 1976లో దావా వేస్తే, 1987లో చికాగో ఫెడరల్ జడ్జి సుసాన్ గెట్జెన్‌డానర్ వాళ్ల పక్షానే తీర్పిచ్చారు. గుర్తింపు వస్తే దాని వెంటే బాధ్యతా వస్తుంది. లైసెన్సు లేనివాడిని 'నువ్వు డాక్టరువి కావు' అని వదిలేయవచ్చు. లైసెన్సు పుచ్చుకుని ఎక్స్‌రే తీసినవాణ్ణి మాత్రం 'ఫిలింలో ఉన్నదంతా నువ్వు చూడాల్సిందే' అని కోర్టు నిలదీస్తుంది.

ఈ కథలో నాకు అన్నింటికన్నా వింతగా తోచేది మెడికేర్ ముచ్చట. 65 ఏళ్లు దాటినవారికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా అది. 1972లో చట్టాన్ని సవరించి, 1973 జులై నుంచి కైరోప్రాక్టర్ చికిత్సకు డబ్బివ్వడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది: పూస జరిగిందని ఎక్స్‌రేలో కనిపించాలి. ఆ ఎక్స్‌రే చికిత్స మొదలుపెట్టడానికి ముందు 12 నెలల లోపు తీసినదో, మొదలుపెట్టాక 3 నెలల లోపు తీసినదో అయ్యుండాలి. సరే, మరి ఆ ఎక్స్‌రేకు డబ్బు? కైరోప్రాక్టర్ తీస్తే ఇవ్వరు! చికిత్సకు రుజువు కావాలంటారు, రుజువుకు పైసా రాల్చరు. 1997లో చేసిన చట్టంతో ఈ షరతు 2000 జనవరి 1 నుంచి పోయింది. అంటే 26 ఏళ్లకు పైగా, నడుం పట్టేసిన ముసలివాళ్లు రోగం తెలుసుకోవడానికి కాకపోయినా బిల్లు పాసవడానికి యంత్రం ముందు నిలబడాల్సి వచ్చింది. ఆ ఫిలింలో కనిపించాల్సిన 'సబ్‌లగ్జేషన్', అంటే ఆ పూస జరగడం అనేది ఫిలింలో నమ్మకంగా కనిపించే వస్తువేనా అన్న సందేహం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఇక చీకటి గదిలోకి వెళ్దాం.

ఎక్స్‌రే ఫిలిం అంటే పాలిస్టర్ రేకుకు రెండు వైపులా పూసిన జెలటిన్ పొర. అందులో సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాలు, వాటికి తోడు కొద్దిగా అయొడైడ్ నలుసుల్లా చెదిరి ఉంటాయి. ఎక్స్ కిరణాలు నేరుగా ఫిలింను నల్లబరిచేది చాలా తక్కువ. ఫిలింను అటూ ఇటూ నొక్కి పట్టుకుని ఉండే తెరలు ఎక్స్ కిరణం తగలగానే మెరుస్తాయి, ఆ మెరుపే ఫిలింపై నూటికి 95 పాళ్ల పని చేస్తుంది. మెరుపు తగిలిన ప్రతి స్ఫటికంలో కొన్నంటే కొన్నే వెండి పరమాణువులు ఒకచోట చేరతాయి. ఈ దశలో ఫిలింను చూస్తే ఏమీ కనపడదు. బొమ్మ ఉంది, కానీ పుట్టలేదు.

దాన్ని పుట్టించేది డెవలపర్. హైడ్రోక్వినోన్, దానికి తోడు ఫెనిడోన్ లాంటి మరో రసాయనం, పనిచేయడానికి క్షారం, గాలి తగిలి పాడవకుండా సోడియం సల్ఫైట్ అందులో ఉంటాయి. వెండి పరమాణువులు పోగైన స్ఫటికాన్ని పట్టుకుని ఈ ద్రావణం ఆ స్ఫటికం మొత్తాన్నీ నల్లటి వెండిగా మార్చేస్తుంది. నాలుగు పరమాణువుల ఆనవాలు కొన్ని వందల కోట్ల పరమాణువుల నల్లమచ్చ అవుతుంది. ఇంత పెంపకం జరిగే చోట చిన్న తేడా కూడా చిన్నదిగా ఉండదు. తొట్టెలో కడిగే పాత పద్ధతిలో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 5 నిమిషాలు ముంచాలి. రోలర్ల మధ్య ఫిలిం దానంతటదే నడిచే యంత్రంలో డెవలపర్ 33 నుంచి 35 డిగ్రీల వేడిలో ఉంటుంది. 1965లో వచ్చిన యంత్రం ఫిలింను పొడిగా ఆరబెట్టి బయటికి తోయడానికి 90 సెకన్లే తీసుకుంది. డెవలపర్ చల్లబడితే హైడ్రోక్వినోన్ బద్ధకిస్తుంది. బొమ్మ పలచబడుతుంది.

ఇక్కడే చిన్న క్లినిక్ ఇరుక్కుంటుంది. ఫిలిం కాలంలో పెద్దాసుపత్రిలో రోజుకు వందల ఫిలింలు నడిచేవి. ప్రతి ఫిలింతోనూ యంత్రం కొంచెం కొత్త డెవలపర్ పోసుకునేది, కాబట్టి తొట్టె ఎప్పుడూ తాజాగా ఉండేది. కైరోప్రాక్టర్ దగ్గర రోజుకు నాలుగైదు ఫిలింలు కూడా ఉండకపోవచ్చు. తొట్టెలో ద్రావణం వాడకం వల్ల తరగదు, గాలి తగిలి చస్తుంది. యంత్రమేమో ఫిలింలను లెక్కపెట్టి కొత్త మందు పోస్తుంది, రోజులను లెక్కపెట్టదు. వారం తిరిగేసరికి డెవలపర్ టీ నీళ్ల రంగుకొస్తుంది. దీనికి మందు ఉంది: ఫిలింలు నడిచినా నడవకపోయినా గడియారం ప్రకారం కొత్త ద్రావణం పొయ్యడం. తక్కువ ఫిలింలు కడిగేవాళ్లందరికీ ఈ పద్ధతి చెబుతారు. ఖర్చు చూసి కొందరు వాయిదా వేస్తారు. పైగా ఈ పని చేసేది సాధారణంగా కైరోప్రాక్టర్ కాదు, ఫోన్లు ఎత్తి అపాయింట్‌మెంట్లు రాసుకునే అసిస్టెంటే.

డెవలపర్ నీరసపడిన క్లినిక్‌లో ఏం జరుగుతుంది? ఫిలింలు పలచగా వస్తాయి. తొట్టెను అనుమానించాల్సిందిపోయి, యంత్రంలో కిరణాల మోతాదు పెంచుతారు. ఫిలిం మళ్లీ నల్లగా, చూడముచ్చటగా వస్తుంది. అందరూ సంతోషం. ద్రావణం పనితనం సగానికి పడిపోతే అదే బొమ్మకు రోగి ఒంట్లోకి రెట్టింపు రేడియేషన్ పోవాలి. ఇంకో పాడలవాటు, ఎర్రదీపం వెలుతురులో ఫిలింను పైకెత్తి చూస్తూ 'ఇక చాల్లే' అనిపించినప్పుడు బయటికి లాగేయడం. వంటింట్లో ఉప్పు రుచి చూసినట్టన్నమాట. మోతాదు ఎక్కువై ఫిలిం తొందరగా నల్లబడుతుంటే గానీ ఇది సాధ్యం కాదు. అంటే ఆ క్లినిక్‌లో ప్రతి రోగికీ ఎక్కువ కిరణాలు పడుతున్నాయని ఆ అలవాటే చెప్పకనే చెబుతుంది.

నడుం ఎక్స్‌రే వరసకు సుమారు 1.5 మిల్లీసీవర్ట్‌ల డోసు. నేల నుంచీ, ఆకాశం నుంచీ, ఊపిరి నుంచీ ఒక అమెరికావాసికి ఏడాదిలో సహజంగా అందేది సుమారు 3. అంటే ఒక్క పరీక్ష ఆరు నెలల సహజ రేడియేషన్‌కు సాటి. అదేమీ ఘోరం కాదు, నిజంగా అవసరమైతే. కానీ తొట్టె పాడైనందుకు అది ఏడాదికి సాటి అయితే ఆ అదనపు ఆరు నెలలకు ఎవరు జవాబుదారీ? మూడడుగుల ఫిలిం విషయంలో ఈ ప్రశ్న ఇంకా గట్టిగా అడగాలి. మెడ సన్నం, నడుం మందం. నడుముకు సరిపోయే కిరణాలు మెడకు మితిమీరిపోతాయి. అందుకని పైభాగం మీద అల్యూమినియం పలకలు అడ్డుపెట్టి మోతాదు సమం చేయాలి. ఆడపిల్లలకు వెన్ను వంకర చూసేటప్పుడు కిరణం వీపువైపు నుంచి రావాలి, రొమ్ముల మీద తక్కువ పడుతుంది. 1912 నుంచి 1965 దాకా వెన్ను వంకరకు చికిత్స పొందిన 5,573 మంది ఆడవాళ్లను అమెరికాలో లెక్క తీస్తే, రొమ్ము క్యాన్సర్ మరణాలు మామూలుగా ఉండాల్సిన దానికన్నా దాదాపు 70 శాతం ఎక్కువని 2000లో తేలింది. వాళ్లు ఆసుపత్రుల రోగులు, కైరోప్రాక్టర్ల రోగులు కారు. కిరణానికి ఆ తేడా తెలియదు.

చట్టం ఇక్కడ ముక్కలు ముక్కలుగా ఉంది. ఎక్స్‌రే యంత్రం ఎలా ఉండాలో అమెరికా కేంద్ర ప్రభుత్వం 1974 ఆగస్టు నుంచి అమల్లోకి తెచ్చిన ప్రమాణం చెబుతుంది. యంత్రం కొన్నాక దాన్ని ఎలా వాడాలో చూసుకోవాల్సింది రాష్ట్రం. తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్ యంత్రాన్నే కాదు, చీకటి గదినీ చూస్తాడు. తలుపు సందులోంచి వెలుతురు వస్తోందా, థర్మామీటర్ ఉందా, ఎర్రదీపం ఫిలింను మసకబరుస్తోందా అని. ఈ చివరి పరీక్ష ఇంట్లో చేసుకోగలిగినంత సులువు. కాస్త కిరణాలు తగిలించిన ఫిలిం మీద నాణెం పెట్టి, ఎర్రదీపం కింద రెండు మూడు నిమిషాలుంచి కడగాలి. నాణెం ఆకారం తెల్లగా కనిపించిందా, ఆ దీపం పనికిరాదు. కేంద్రమూ రాష్ట్రాలూ కలిసి 1970ల నుంచి చేస్తున్న ఎక్స్‌రే సర్వేల్లో కైరోప్రాక్టర్ క్లినిక్‌లు కూడా ఉన్నాయి, ద్రావణం ఎంత చురుగ్గా ఉందో కొలవడం ఆ సర్వేల్లో ఒక భాగం. రొమ్ము పరీక్ష ఫిలింల విషయంలో మాత్రం 1992 చట్టం ఎంతో కఠినం. ప్రతిరోజూ రోగికి ముందు ఒక పరీక్ష ఫిలిం కడిగి, దాని నలుపు కొలిచి, గీత దాటితే ఆ రోజు యంత్రం ఆపేయాల్సిందే. వెన్ను ఫిలింలకు దేశమంతటికీ వర్తించే అలాంటి కట్టడి లేదు. నా దృష్టిలో అది చట్టంలోని కన్నమే. రొమ్ములోని క్యాన్సర్‌ను దాచేయగల చెడ్డ డెవలపర్ వెన్నులోని క్యాన్సర్‌ను మాత్రం ఎందుకు వదులుతుంది?

వదలదు. వెన్నుపూసలోని ఖనిజం 30 నుంచి 50 శాతం కరిగిపోతే గానీ మామూలు ఎక్స్‌రేలో తేడా కనపడదు. అంటే ఎముకను తినేసే గడ్డ ఫిలింలో కనిపించే వేళకే ఆలస్యమైంది, అదీ ఫిలిం బాగుంటే. పలచగా కడిగిన ఫిలింలోనో, వేడి గదిలో నిల్వ ఉండి మసకబారిన ఫిలింలోనో ఆ తేడా ఇంకా ఆలస్యంగా కనిపిస్తుంది. అలాంటి పూసను గట్టిగా నొక్కితే విరగవచ్చు. పక్కనుంచి తీసిన నడుం ఫిలింలో పూసల ముందు సున్నం పట్టిన పెద్ద ధమని గోడ కూడా కనిపిస్తుంది. అది బెలూన్‌లా ఉబ్బి ఉంటే ఆ రోగి వెళ్లాల్సింది ఆసుపత్రికి, కైరోప్రాక్టర్ బల్ల మీదికి కాదు.

కోర్టులు ఈ మాట ఎప్పుడో చెప్పాయి. వాషింగ్టన్ రాష్ట్ర అప్పీలు కోర్టు 1980లో కైరోప్రాక్టర్ విధులను విడమరిచింది. తన చేతి పనికి లొంగని రోగం ఇదని గుర్తించాలి, గుర్తించాక ఆ చికిత్స ఆపాలి, ఆ సంగతి రోగికి చెప్పాలి. 1985లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ముందుకు ఇంకా సూటైన కేసు వచ్చింది. ఒక కుర్రాడి ఎక్స్‌రేల్లో కనిపిస్తున్న క్యాన్సర్ గుర్తుల్ని కైరోప్రాక్టర్ పట్టించుకోలేదన్నది ఫిర్యాదు. 'మా వృత్తి వేరు, మా మీద డాక్టరు సాక్ష్యం చెప్పకూడదు' అన్నది ఎదుటి వాదన. ఎక్స్‌రే చదవడం ఇద్దరికీ ఉమ్మడి పని కాబట్టి, తగిన అనుభవం ఉంటే డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పవచ్చని కోర్టు తేల్చింది. పూస జరిగిందా లేదా అన్నంతవరకే చూశానంటే కుదరదు. ఫిలిం తీశావా, నాలుగు మూలలూ చదవాలి.

చదవడానికి అడ్డొచ్చే దొంగ గుర్తులను కూడా చీకటి గదే పుట్టిస్తుంది. యంత్రంలో అంగుళం వ్యాసమున్న రోలర్‌కు ఒకచోట మురికి అంటితే, అది ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ ఫిలిం మీద గీత పడుతుంది. గీతకూ గీతకూ మధ్య ఎంత దూరమంటారా? 3.14 అంగుళాలు! బళ్లో నేర్చుకున్న 'పై' విలువ ఫిలిం మీద తేలుతుంది. చలికాలపు పొడి గాలిలో ఫిలింను పెట్టెలోంచి సర్రున లాగితే నిప్పురవ్వ చిటుక్కుమని, ఆకులు రాలిన చెట్టుకొమ్మల్లాంటి నల్లగీతలు పడతాయి. గోరు తగిలి ఫిలిం వంగితే నెలవంక. అనుభవమున్నవాడు వీటిని చూసి నవ్వుకుంటాడు. లేనివాడు పగులు అనుకుంటాడు, లేదా నిజమైన పగులును గీతే కదా అని కొట్టిపారేస్తాడు.

డెవలపర్ తర్వాత ఫిక్సర్. మారని సిల్వర్ బ్రోమైడ్‌ను థయోసల్ఫేట్ కరిగించి తీసేస్తుంది. ఆ తర్వాత నీళ్లలో బాగా కడగాలి, పాత పద్ధతిలోనైతే 20 నిమిషాలు. అసిస్టెంటుకు భోజనం వేళ అయింది, 5 నిమిషాల్లో తీసేసింది అనుకోండి. ఆ రోజు ఫిలిం అద్దంలా ఉంటుంది. మిగిలిపోయిన థయోసల్ఫేట్ మెల్లగా వెండిని సల్ఫైడ్‌గా మారుస్తూ పోతే, కొన్నేళ్లకు ఫిలిం పసుపుపచ్చగా, ఆపైన ముదురు గోధుమరంగుగా మారుతుంది.

ఆ కొన్నేళ్లకే చట్టానికి ఫిలిం కావాలి. రికార్డులు ఎన్నేళ్లు దాచాలో ఒక్కో రాష్ట్రం ఒక్కోలా చెబుతుంది. చిన్నపిల్లల విషయంలో చాలాచోట్ల దావా గడువు వాళ్లు మేజర్లయ్యాకే లెక్కలోకి వస్తుంది కాబట్టి, ఎనిమిదేళ్ల పిల్ల వెన్ను ఫిలిం పదేళ్లు దాటాక కూడా సాక్ష్యంగా నిలబడాలి. ఫిలిం మీద పేరు, తేదీ, కుడి ఎడమ చెప్పే సీసపు అక్షరం ఉండాలి. ఆ అక్షరం కిరణాల్లోనే పడాలి. తర్వాత పెన్నుతో రాస్తే ఎదుటి లాయరు వదలడు. ఫిలిం పోయిందన్నా, పాడైందన్నా ఆ నష్టం క్లినిక్ నెత్తినే పడవచ్చు. సాక్ష్యాన్ని కాపాడాల్సినవాడు కాపాడకపోతే, అది అతనికి వ్యతిరేకంగానే ఉండేదని అనుకోమని జ్యూరీకి చెప్పే అధికారం అమెరికా జడ్జీలకు ఉంది. ఎంతో జాగ్రత్తగా వైద్యం చేసినవాడు కూడా పసుపెక్కిన ఫిలిం ముందు నోరు మూసుకోవాల్సి వస్తుంది. కారు ప్రమాదం తర్వాత మెడ నొప్పికి కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లి, బీమా కంపెనీతో తగవు పడిన అమెరికా తెలుగువాళ్లకు ఈ ఫిలింల విలువ నేను చెప్పక్కర్లేదు.

ఫిలింలో వెండి ఉండటం మరో తలనొప్పి. వాడిన ఫిక్సర్ లీటరులో 3 నుంచి 8 గ్రాముల వెండి ఉంటుంది. వ్యర్థంలోంచి ఊటకట్టే వెండి లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటితే అమెరికా చట్టం దాన్ని ప్రమాదకర వ్యర్థం అంటుంది. అటూ ఇటూగా వెయ్యి రెట్ల తేడా. ఊరికే సింకులో పారబోయడం కుదరదు. అందుకని ఉక్కు పీచు నింపిన డబ్బాలోంచి పంపిస్తారు, ఇనుము కరిగి వెండి దిగబడుతుంది. పాత ఫిలింల్లోని వెండి మీద ఆశ ఇంకా ఖరీదైన పాఠం నేర్పింది. ఉత్తర కరోలినాలోని ఒక ఎముకల క్లినిక్, ఫిలింలను కంప్యూటర్‌లోకి ఎక్కించి పెడితే వెండి మీరే తీసుకోండని 17,300 మంది రోగుల ఫిలింలను బయటి కంపెనీకి అప్పగించింది. రోగుల వివరాలు కాపాడతామన్న ఒప్పందం రాయించుకోలేదు. 2016లో ప్రభుత్వానికి 7,50,000 డాలర్లు కట్టి బయటపడింది.

బ్రిటన్ మరో దారిలో వెళ్లింది. 1994లో కైరోప్రాక్టర్లకు ప్రత్యేక చట్టం, దాని కింద జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిల్ వచ్చాయి. 2000లో వచ్చి 2017లో మళ్లీ రాసిన రేడియేషన్ నిబంధనల ప్రకారం, ప్రతి ఎక్స్‌రేకూ అవసరం ఫలానా అని ముందే తేల్చాలి. అమెరికా మెడికేర్ రుజువు కోసం ఎక్స్‌రే అడిగితే, బ్రిటన్ ఎక్స్‌రేకే రుజువు అడిగింది. చివరికి అమెరికా కైరోప్రాక్టర్ల సంఘం కూడా 2017లో అదే దారికొచ్చింది. కొత్తగా వచ్చిన నడుం నొప్పికి, ప్రమాద సూచనలేవీ లేకపోతే, మొదటి ఆరు వారాల్లో వెన్ను ఎక్స్‌రే తీయవద్దని తన సభ్యులకు చెప్పింది.

ఇప్పుడు తొట్టెలు పోతున్నాయి, డిజిటల్ వచ్చింది. 2017 నుంచి ఫిలిం ఎక్స్‌రే బిల్లులో 20 శాతం కోస్తూ మెడికేరే ఆ మార్పును తోసింది. మంచిదే, కానీ ఫిలింకు ఒక నిజాయితీ ఉండేది. మోతాదు మించితే నల్లబడి తప్పు మొహాన చూపించేది. డిజిటల్ తెర అలా చెప్పదు. రెండింతలు కిరణాలు పంపినా బొమ్మను సర్ది, ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. మోతాదు చాపకింద నీరులా పెరిగిపోతుంది. చీకటి గది థర్మామీటర్ చూసే పని తప్పింది, తెర మూలనున్న మోతాదు అంకె చూసే పని వచ్చింది. దాన్ని ఎవరు చూస్తున్నారన్నదే ప్రశ్న.

మన దగ్గర ఎక్స్‌రే యంత్రం నడపాలంటే 2004 నాటి రేడియేషన్ రక్షణ నియమాల కింద అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతి ఉండాలి. నడుం నొప్పితో ఎవరి దగ్గరికి వెళ్లినా, ఎముకల డాక్టరైనా కైరోప్రాక్టరైనా, యంత్రం ముందు నిలబడకముందు రెండు ప్రశ్నలు అడగండి: ఈ ఎక్స్‌రేలో ఏం తెలిస్తే నా చికిత్స మారుతుంది? కిందటి ఫిలిం సరిపోదా? రెండో ప్రశ్నకు బలం ఉండాలంటే కిందటి ఫిలిం మీ దగ్గర బాగుండాలి. అమెరికాలో ఆ బాధ్యత క్లినిక్‌ది, ఇక్కడ మీది. తడి తగలని చోట, ఎండ పడని చోట, మడత పెట్టకుండా నిలువుగా దాచండి, కవరు మీద తేదీ రాయండి. గ్రహణం రోజున పిల్లలు అడిగితే ఇవ్వకండి.